కొత్వాలుగారి నూరు రోజులు

మందారపురం రాజు వసంతభూపతికి ఒకనాడు పొద్దున్నే ఓ ముచ్చట పుట్టింది. పట్నమేమో నలభై వీధుల మహానగరం, వీధికో దొంగ. "నూరు రోజులు ఒక్క దొంగతనం కూడా జరక్కుండా చూస్తే కొత్వాలుకు బంగారు కడియం తొడుగుతాను" అని నిండు సభలో మాటిచ్చేశాడు.

కొత్వాలు భుజంగరావు మీసం దువ్వాడు. ఆయనకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం రాజుగారికి ఒకటే చీటీ. "ఈరోజు దొంగతనాలు లేవు." రాజు పొంగిపోయేవాడు. రాజు వెనక గొడుగు పట్టుకుని నిలబడే పైడయ్య కూడా నమ్మాడు పాపం. తొంభై ఎనిమిదో రోజున అతని గేదె పోయింది.

ఆ ఇంటి పాడి అంతా ఆ ఒక్క గేదెదే. పెళ్ళాం అప్పలకొండ పొయ్యి వెలిగించడం మాని ఏడుస్తూ కూర్చుంది. పైడయ్యకూ దుఃఖం ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ కొత్వాలు చావడికి పరుగెత్తాడు.

"నా గేదెను ఎవరో తోలుకుపోయారు దొరా."

"గేదెకు కాళ్ళున్నాయా?" అన్నాడు భుజంగరావు.

"నాలుగున్నాయండి."

"మరింకేం, నడిచి వెళ్ళింది. రాసుకోవయ్యా కరణం, గేదె షికారుకెళ్ళింది."

"పలుపు ముడి విప్పుకుని మరీ వెళ్ళిందంటారా?"

"తెలివైన గేదె. సంతోషించు."

వెనక నిలబడ్డ ముసలమ్మ బిందె పోయిందంటే దొర్లిపోయిందని రాయించాడు. ఇంకొకాయన పంచె పోయిందంటే గాలికెగిరిందన్నాడు. పట్నంలో దొంగతనాలు ఎలా తగ్గాయో పైడయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. ఒళ్ళు మండింది. అయినా అక్కడ పోట్లాడితే గేదె వస్తుందా? నోరు మూసుకుని వచ్చేశాడు.

నూరో రోజు సభ కిటకిటలాడింది. పళ్ళెంలో కడియం ధగధగలాడుతోంది.

"ఇంతకీ నీ ఉపాయమేమిటయ్యా?" అని అడిగాడు రాజు.

"నా పేరు వింటేనే దొంగలకు ముచ్చెమటలు ప్రభూ" అన్నాడు భుజంగరావు.

పైడయ్య గొడుగును పక్కవాడి చేతిలో పెట్టాడు. తిన్నగా వెళ్ళి కొత్వాలు జరీ తలపాగా తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇదేం పని పైడయ్యా?" రాజు తెల్లబోయాడు.

"కొత్వాలుగారినే అడగండి ప్రభూ. దొంగతనమైతే వారే పట్టుకుంటారు కదా."

భుజంగరావు నోరు తెరిచాడు. అంతలో చూపు కడియం మీద పడింది. దొంగతనమని ఒప్పుకుంటే నూరు రోజుల పుణ్యం గంగలో కలిసిపోతుంది.

"అబ్బే, తలపాగా గాలికెగిరింది ప్రభూ" అన్నాడు.

పైడయ్య ఉత్తరీయం లాగాడు. "జారిపోయింది ప్రభూ" అన్నాడు కొత్వాలు. పైడయ్య కింద కూర్చుని చెప్పులు పట్టుకున్నాడు. కొత్వాలు తనే ఒక్కో కాలూ ఎత్తి ఇచ్చాడు. "ఇవి ఎప్పట్నుంచో వెళ్ళిపోదామని చూస్తున్నాయి ప్రభూ" అన్నాడు. మంత్రిగారు నవ్వాపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నారు.

ఈసారి పైడయ్య పళ్ళెంలోని కడియం తీసుకున్నాడు. పెళ్ళికి వెళ్ళేవాడిలా తీరిగ్గా గుమ్మం వైపు నడిచాడు. భుజంగరావు ఓర్చుకున్నాడు, ఇంకాస్త ఓర్చుకున్నాడు. పైడయ్య గడప దాటబోయేసరికి ప్రాణం పోయినంత పనైంది.

"దొంగ! పట్టుకోండి వాణ్ణి!"

పైడయ్య వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"హమ్మయ్య, దొంగ అనే మాట దొరవారికీ వచ్చునన్నమాట. అదే నోటితో నా గేదె సంగతి కూడా రాయించండి."

రాజు ఏమిటేమిటని అడిగితే గేదె షికారు నుంచి పంచె ప్రయాణం దాకా అంతా చెప్పాడు. రాజుకు కోపం వచ్చింది గానీ, బోడితలతో, ఉత్తకాళ్ళతో నిలబడ్డ కొత్వాలును చూసేసరికి నవ్వే గెలిచింది.

"మరి దొంగతనాలు తగ్గేదెలాగయ్యా?"

"పోయింది పోయినట్టు రాయించండి ప్రభూ. ఏ వీధిలో ఎక్కువ పోతున్నాయో తెలుస్తుంది. కాపలా అక్కడ పెడితే సరి. కొత్వాలుగారు ఇన్నాళ్ళూ మీసానికే కాపలా కాశారు."

కడియం పైడయ్య చేతికే తొడిగి రాజు హుకుం వేశాడు. "గేదె దొరికేదాకా కొత్వాలు గుర్రాన్ని ఇతని కొట్టంలో కట్టండి."

"గుర్రం పాలివ్వదు కదా ప్రభూ" అని నసిగాడు పైడయ్య.

"అయితే కొత్వాలు ఇంటి గేదెను కట్టండి" అన్నాడు రాజు.

సభ గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యనే భుజంగరావు చెప్పుల్లేకుండా గేదెను వెతకడానికి బయల్దేరాడు.