పానకాలు పెళ్ళికి వెలిగిన కారు లైట్లు

మా చుట్టుపక్కల ఊళ్ళలో తెలివైన కుటుంబం ఏదని అడిగితే అందరూ కాసేపు ఆలోచిస్తారు. కొప్పర్తి వాళ్ళు మాత్రం ఆలోచించరు. "మాదే" అంటారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివని వాళ్ళ నమ్మకం. ఆ ఇంట్లో ముగ్గురు: తల్లి సౌభాగ్యమ్మ, పెద్దకొడుకు పానకాలు, చిన్నకొడుకు భుజంగం.

వాళ్ళ తాత ఏ జమీందారు దగ్గరో కొన్న పెద్ద కారొకటి ఉంది. పడవంత పొడుగు. రెండు పక్కలా తలుపుల కింద వరసగా చిన్న చిన్న రంగు లైట్లు. అవి దారి కనపడ్డానికి కాదు, ఊళ్ళో కనపడ్డానికి.

పానకాలుకి నలభై ఒకటో ఏడు. పదిహేడు సంబంధాలు తప్పిపోయాయి. పద్దెనిమిదో సంబంధం, కాలవ అవతలి ఊరి రత్నమాణిక్యం, ఒక్కటే మాటంది. "చిన్నప్పుడు ఆ కారు చూసి మనసు పడ్డాను. లైట్లన్నీ వెలిగే ఆ కారులో వస్తేనే తాళి కట్టించుకుంటా." ఆనాటి నుంచీ పానకాలుకి నిద్రలేదు. ఎడమవైపు పన్నెండు లైట్లూ ఎప్పుడో పోయాయి మరి.

కబురు మీద కబురు పెడితే మెకానిక్ మస్తాన్ పెళ్ళిరోజు పొద్దున వచ్చి చూశాడు. "బల్బులు మాడిపోయాయి పిన్నీ. ఒకటి ఊడదీసిస్తా. కొట్లో చూపించి అచ్చం ఇలాంటివే పన్నెండు తెమ్మను. ఈ పాత కారుకి రవ్వంత తేడా ఉన్నా పనికిరావు" అన్నాడు.

భుజంగం ఆ బల్బు జేబులో వేసుకుని గుంటూరు వెళ్ళాడు. కొట్టతను కొత్తది తీసి బ్యాటరీకి ఆనించాడు. టక్కున వెలిగింది.

"ఇది కాదండీ. మాది వెలగదు."

"వెలగని బల్బు ఎందుకయ్యా నీకు?"

"అచ్చం ఇలాంటిదే తెమ్మన్నాడు మా మెకానిక్. మీదేమో ఇంత తేడాగా వెలుగుతోంది."

ఇంకేముంది, కొట్టతను విసుగెత్తి మాడిన బల్బులు పడేసే చెత్తబుట్ట ముందుకు తోశాడు. భుజంగం ఒక్కొక్కటీ బ్యాటరీకి ఆనించి చూసి, బాగా మాడినవి పన్నెండు ఏరుకున్నాడు. ఒకటి కాస్త మిణుకుమంటే "ఇది మోసం" అని పక్కన పడేశాడు.

మస్తాన్ వాటిని చూసి నెత్తి కొట్టుకున్నాడు. తనే స్కూటరేసుకుని వెళ్ళి మంచివి తెచ్చి బిగించేసరికి మూడయింది. "ఎండలో సరిగ్గా తెలీదు. చీకట్లో ఒకసారి స్విచ్చి వేసి చూడండి. వెలక్కపోతే ఫోన్ చెయ్యండి" అని చెప్పి అన్నానికి వెళ్ళాడు.

మూడింటికి చీకటెక్కడ దొరుకుతుంది? సౌభాగ్యమ్మ బుర్ర చురుగ్గా పనిచేసింది. "కళ్ళు మూసుకోండ్రా!" అంది. అంతే, ముగ్గురూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. భుజంగం తడుముకుంటూ వెళ్ళి స్విచ్చి వేశాడు.

"వెలిగాయా అన్నయ్యా?"

"ఒక్కటీ వెలగలేదురా!"

"నాక్కూడా ఏం కనపళ్ళా" అంది తల్లి. పద్దెనిమిదోదీ పోయిందని పానకాలు బావురుమన్నాడు.

ఫోను విని మస్తాన్ చేతిలో ముద్ద వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. లైట్లన్నీ చక్కగా వెలుగుతున్నాయి.

"కళ్ళు తెరవండి పిన్నీ!"

"తెరిస్తే ఇంక చీకటెక్కడుంటది నాయనా?" అంది సౌభాగ్యమ్మ, కళ్ళు మూసుకునే అతని మీద జాలిపడుతూ.

చుట్టాలంతా ట్రాక్టరెక్కి ముందే వెళ్ళారు. మసక పడగానే ముగ్గురూ కారులో బయల్దేరారు. ఊరేగింపు గదా, భుజంగం నడకంత నెమ్మదిగా నడుపుతున్నాడు. కాలవ వంతెన ఎక్కేసరికి పానకాలుకి అనుమానం పట్టుకుంది. "లైట్లు వెలుగుతున్నాయంటావా? లోపలికి కనపడవేం?"

సౌభాగ్యమ్మ దిగి చూసింది. "అబ్బబ్బ, ఏం వెలుగురా!" అని పక్కనే నడుస్తూ ఉండిపోయింది. "పెళ్ళి నాది, నేను చూడొద్దా?" అని పానకాలు దిగాడు. "బల్బుల కోసం గుంటూరంతా తిరిగింది నేను" అని భుజంగమూ దిగాడు. ఆ ముందంతా పల్లం. కారు జోరందుకుంది.

"బాగా పోతోందిరా! ఎవరు నడుపుతున్నారు?" అంది తల్లి.

"నేనే" అన్నాడు భుజంగం, పక్కన నడుస్తూ.

కారు ఒక్కటే పెళ్ళిపందిరి దాకా పోయి అరుగుకి ఆనుకుని ఆగింది. బాజాలు మోగాయి. మాణిక్యం లైట్లు చూసి పొంగిపోయింది. తలుపు తీస్తే లోపల ఎవరూ లేరు. కాసేపటికి పానకాలు దుమ్ము కొట్టుకుని రొప్పుతూ వచ్చాడు, వెనకే తల్లీ తమ్ముడూ.

"కారులో వస్తేనే అన్నాను గదా. పరిగెత్తుకుంటూ వచ్చారేం?" అంది మాణిక్యం.

ఆ మాటలో తప్పు పట్టడానికి పానకాలుకేమీ కనపళ్ళేదు. ముగ్గురూ కారెక్కి మళ్ళీ వంతెన దాకా వెళ్ళారు. అక్కడ సౌభాగ్యమ్మ కొడుకులిద్దరి చేతా ఒట్టు వేయించింది. "పెళ్ళయ్యేదాకా ఎవరూ కారు దిగకూడదు."

ఈసారి దిగలేదు. పందిట్లోకి వచ్చినా దిగలేదు. "పీటల మీదికి రా నాయనా" అని పంతులుగారు పిలిచారు. "ఒట్టేశానండీ" అన్నాడు పానకాలు. ముహూర్తం దాటిపోతోంది. చేసేది లేక మాణిక్యమే కారెక్కి పక్కన కూర్చుంది. పంతులుగారు కిటికీలో తలపెట్టి మంత్రాలు చదివారు. తాళి పడింది. పానకాలు మళ్ళీ ఏడ్చాడు, ఈసారి సంతోషంతో. పంతులుగారు అలవాటు కొద్దీ అన్నారు, "ఇద్దరూ అగ్నిహోత్రం చుట్టూ మూడుసార్లు తిరగండి."

ఇంకేముంది, భుజంగం ఇంజను వేశాడు.

మొదటి చుట్టుకి పందిరి రాటలు నాలుగు లేచిపోయాయి. రెండో చుట్టుకి బాజాల వాళ్ళు గోడెక్కారు, పందిరి మొత్తం పంతులుగారి మీద పడింది.

"చాలు నాయనా, చాలు!" అని ఆకుల కింద నుంచి కేక.

"అదేంటండీ" అన్నాడు భుజంగం స్టీరింగు తిప్పుతూ, "ఇంకో చుట్టుంది గదా. మీరు మర్చిపోయినా మేం మర్చిపోతామా?"