తొమ్మిది ఆకుల కింద

మూడేళ్లు నూనె మర్దనలు చేశాను. బెణికిన మణికట్లు సవరించాను, జారిన భుజాలు ఎక్కించాను. మెడ మాత్రం వస్తాదు నన్ను ముట్టుకోనివ్వలేదు.

అదీ నా బాధ. ఇరవై రెండేళ్ల వయసులో లోకంలో అంతకంటే పెద్ద బాధ నాకింకేదీ కనపడలేదు.

వస్తాదు అంటే హుసేన్ పీరా వస్తాదు. ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక సందులో ఆయన తాలీంఖానా ఉండేది. పొద్దున్నే ఎర్రమట్టిలో కుస్తీ, ఎండెక్కినాక అరుగు మీద వైద్యం. కుస్తీలో నా భుజం జారితే ఎక్కించుకుందామని వెళ్లినవాణ్ణి, ఆ చేతుల పని చూసి అక్కడే ఉండిపోయాను. పత్తి కాలంలో దూది గాలికి ఎగిరొచ్చి మా నూనె ఒళ్లకు అంటుకునేది. సాయంత్రానికి అందరం తెల్లబడి ముసలోళ్లమైపోయేవాళ్లం, ఒకరిని చూసి ఒకరు నవ్వుకునేవాళ్లం. కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి. "మళ్లీ తాలీంకి పోయినాడీయన" అంటుంది మా ఆవిడ.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో హమాలీలే ఎక్కువ. తల మీద పత్తి మూటలు మోసీ మోసీ, తలకాయ మెడ మీద కూర్చునే చోట, సరిగ్గా చెవి వెనక, నొప్పి పట్టుకునేది. అక్కణ్ణించి కణతకు ఎక్కేది, కంటి వెనక్కి పాకేది. కొందరికి చెయ్యి తిమ్మిరెక్కి బీడీ కూడా జారిపోయేది.

వాళ్లకు వస్తాదు చేసే వైద్యం చూస్తే నాకు ఒళ్లు మండేది. వేడి ఉప్పు మూటతో కాపడం. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల దగ్గర తాను కూర్చుని, పెడతల కింద రెండు వేళ్లు పెట్టడం. అంతే. ఆ వేళ్లు కదిలేవో లేదో కూడా తెలిసేది కాదు. కాసేపటికి పడుకున్నవాడు గురక పెట్టేవాడు. ఇరవయ్యొక్క రోజులు మూట మోయొద్దని చెప్పి పంపేవాడు.

బజార్లో సెలూన్లో అయితే గడ్డం పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే టక్కుమనేది. కూర్చున్నవాడు "అబ్బా, హాయి" అనేవాడు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా వాళ్ల మెడకే పట్టు వదిలినట్టు తలలూపేవాళ్లు. వైద్యమంటే అదీ అని నాకు లోపల గట్టి నమ్మకం. పైకి అనే ధైర్యం లేదు.

ఒకసారి అడిగాను.

"వస్తాదూ, నాకు మెడ ఎప్పుడు నేర్పిస్తారు?"

"ఆకులు చెయ్, బేటా" అన్నాడు.

ఆకులంటే తమలపాకులు. అది మా తాలీంలో పద్ధతి. నున్నటి బండ మీద గుర్రం తోక వెంట్రుక ఒకటి వేసి, దాని మీద ఒక ఆకు కప్పుతారు. మనం కళ్లు మూసుకుని ఆకు మీద వేలు ఆనించి, కింద వెంట్రుక ఏ పక్కకు పడుకుని ఉందో చెప్పాలి. ఆకుకు ఈనెలుంటాయి కదా, ఏది ఈనో ఏది వెంట్రుకో తెలియాలి. ఒక్క ఆకుకే నాకు నాలుగు నెలలు పట్టింది. తర్వాత రెండు ఆకులు, మూడు ఆకులు. నొక్కితే ఏమీ తెలియదు. వేలు ఊరికే ఆనించి ఉంచితే అదే వచ్చి తగులుతుంది.

మూడో ఏడు పత్తి కాలం వచ్చేసరికి నాకు ఎనిమిది ఆకుల కింద వెంట్రుక తెలిసేది. ఒకరోజు పొద్దున తాలీంలో అందరూ ఉండగా ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"తొమ్మిది పెట్టండి వస్తాదూ" అన్నాను.

ఆయన నవ్వాడు. నన్ను అటు తిరగమని, బండ మీద ఏర్పాటు చేసి పిలిచాడు. కళ్లు మూసుకుని వేలు పెట్టాను. చాలాసేపు ఏమీ తగల్లేదు. వెనకాల పదిమంది చూస్తున్నారాయె. అప్పుడు సన్నగా ఏదో తగిలింది.

"ఎట్ల పండుకోనుంది?" అన్నాడు వస్తాదు.

"అడ్డంగా. ఎడమ పక్కకు కొంచెం వంగి."

"బాగా చూసినావా?"

"బాగా చూసినా."

వస్తాదు ఒక్కొక్క ఆకే తీశాడు. తొమ్మిదీ తీశాడు. కింద ఉత్త బండ.

తాలీం తాలీమంతా పడీ పడీ నవ్వింది. ఆయన అడుగు ఆకు తీసుకుని, లుంగీకి తుడిచి, సున్నం రాసి బుగ్గన పెట్టుకున్నాడు. "ఇంకో ఏడు చెయ్" అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. మోసం అనుకున్నాను. వెంట్రుకే పెట్టకుండా అడిగితే ఎవడు మాత్రం చెప్పగలడు! నా పేరు పైకి రావడం ఈయనకిష్టం లేదు, అందుకే పదిమందిలో తల తీశాడని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

సరిగ్గా ఆ వారంలోనే మా బావకు మెడ పట్టేసింది.

తిక్కస్వామి మా అక్క సుంకమ్మ మొగుడు. మా అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది వాళ్లిద్దరే. బావ మార్కెట్లో హమాలీ. ఆరు మణుగుల మూటను చేత్తో పట్టుకోకుండా తల మీద నిలబెట్టుకుని, బీడీ కాల్చుకుంటూ నడిచేవాడు. అలాంటివాడు ఒకరోజు తల ఒక పక్కకు వాల్చుకుని, కన్ను మూసుకుని, అక్క భుజం పట్టుకుని తాలీంకి వచ్చాడు.

వస్తాదు చాలాసేపు చూశాడు. "ఇరవయ్యొక్క రోజులు, తిక్కస్వామీ. మూట ముట్టుకోవద్దు. రోజూ రా."

నాలుగు రోజులు వచ్చాడు. కొంచెం తేలికపడింది కూడా. అయిదో రోజు శుక్రవారం. వస్తాదు జుమ్మా నమాజుకు వెళ్లాడు. బావ అరుగు మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఉరుకుందూ, సోమవారానికి రాకపోతే నా జాగాలో ఇంకొకన్ని పెట్టుకుంటానన్యాడు మేస్త్రీ. పదైదేండ్ల నుంచి ఉండే జాగారా అది. నీకు వచ్చుగదా, ఒక్క తిప్పు తిప్పరాదా?"

నాకు రాదని చెప్పాలి. ఆ మాట నోట్లో ఉంది కూడా. కానీ కుస్తీ పట్టే నలుగురు కుర్రాళ్లు మట్టిలోంచి లేచి ఇటు చూస్తున్నారు. వాళ్లు నిన్నగాక మొన్న నన్ను చూసి నవ్వినవాళ్లే.

బావ వెనక నిలబడి చెవి వెనక వేలు పెట్టాను.

"ఇదిగో, ఇక్కడ పక్కకు పోయింది ఎముక" అన్నాను, అందరికీ వినపడేలా.

గడ్డం కింద ఒక చెయ్యి, పెడతల మీద ఒక చెయ్యి. తిప్పాను.

టక్.

"భళా!" అన్నారు కుర్రాళ్లు. బావ మెడ ఇటూ అటూ ఆడించాడు. "వదిలింది రా! మా ఉరుకుందు వస్తాదైపోయినాడు!" అని నవ్వుతూ లేచాడు. నా ఒళ్లంతా పొంగిపోయింది. అబద్ధమెందుకు, ఆ సంతోషం నాకింకా గుర్తుంది.

మూడడుగులు వేశాడు. నాలుగోది పడలేదు. "గోడ తిరుగుతాంది రా" అంటూ కూలబడ్డాడు. వాంతి చేసుకున్నాడు. కళ్లు ఒక పక్కకు గుంజుకుపోతున్నాయి. బావా బావా అని అరుస్తున్నాను గానీ ముట్టుకోవడానికి నా చేతులు రావడం లేదు.

వస్తాదు వచ్చేసరికి బావ తల ఎర్రమట్టిలో ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. టోపీ తీసి పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, బావ తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకున్నాడు. తువ్వాళ్లు చుట్టి రెండు పక్కలా పెట్టించాడు. తలుపు చెక్క ఊడదీయించి, దాని మీద పడుకోబెట్టించి, పెద్దాసుపత్రికి మోయించాడు. దారి పొడుగునా ఆ తల వదల్లేదు. అరవై ఏళ్ల మనిషి, వంగి నడుస్తూ, "ఏం కాదు తిక్కస్వామీ, నేనుండా, కన్ను తెరిచే ఉండు" అంటూనే ఉన్నాడు.

డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చూశాడు. "ఎవరు తిప్పింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వస్తాదు, "నా తాలీంలో జరిగింది. నాదే తప్పు" అన్నాడు.

"ఇంకొంచెం గట్టిగా తిప్పుంటే మనిషి దక్కేవాడు కాదు. తిప్పాల్సిన అవసరమే లేదు, ఎముక ఎక్కడిదక్కడే ఉంది" అన్నాడు డాక్టరు.

బావ రెండు నెలలు మెడపట్టీతో పడుకున్నాడు. బతికాడు. కానీ తల మీద మూట మళ్లీ పెట్టలేదు, ఆ జాగా పోయింది. తర్వాత తూకాల దగ్గర పని దొరికింది గానీ, మూటలు మోసేవాళ్లు ఎదురుగా పోతుంటే అలాగే చూస్తుండేవాడు. అక్క నన్నేమీ అనలేదు. వేళకు కంచంలో అన్నం పెట్టేది, నా మొహం చూసేది కాదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో!

ఆ రెండు నెలలూ తాలీం గడప తొక్కలేదు. బావ పట్టీ తీసిన మర్నాడు వెళ్లాను. వస్తాదు కాళ్లకు దండం పెట్టడానికి, వెళ్లొస్తానని చెప్పడానికి.

పొద్దున్నే కుస్తీలు అయిపోయి అందరూ వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద దూది.

"యాడికి పోతావు?" అన్నాడు.

"బళ్లారిలో మిల్లులో పని ఉందంట. ఈ చేతుల్తో ఇంక మనిషిని ముట్టుకోను వస్తాదూ."

"పోదువులే. పోయేముందు నాదొకటి చూసిపో. మూడు రోజులాయె, మెడ నొప్పి చంపుతాంది. చెయ్యి పెట్టు."

"నేనా?" అన్నాను.

ఆయన చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

తల దగ్గర కూర్చున్నాను. పెడతల కింద వేళ్లు పెట్టాను. తల ఎంత బరువుంటుందో, మెడ ఎంత నాజూకుగా ఉంటుందో ఆరోజు తెలిసింది నాకు. చర్మం కింద నాడి కొట్టుకుంటోంది. అంత పెద్ద వస్తాదు, ఎందరినో మట్టి కరిపించినవాడు, ఆయన ప్రాణమంతా నా నాలుగు వేళ్ల మీద ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. బావ గుర్తొచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేను.

అలాగే ఉంచాను. కుడి పక్క చూశాను, ఎడమ పక్క చూశాను. ఎముక వెంట ఎముక, నరం వెంట నరం. ఎక్కడా ఏదీ బిగుసుకుని లేదు. ఏదో ఉండాలి, ఆయన నొప్పంటున్నాడు కదా అనుకుని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎండ అరుగు ఎక్కి మా కాళ్ల దాకా వచ్చింది.

"ఏం దొరికింది?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

ఏదో ఒకటి చెబితే బాగుండు అనిపించింది.

"నాకేమీ తగల్లేదు వస్తాదూ."

"బాగా చూసినావా?"

"రెండుసార్లు చూసినా. ఏమీ లేదు. మీ మెడ బాగుంది."

వస్తాదు మెల్లగా లేచి కూర్చుని, తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆకుల పెట్టె దగ్గరికి లాక్కుని, ఒక ఆకు లుంగీకి తుడిచి, సున్నం రాసి, మడిచి నా చేతిలో పెట్టాడు. మూడేళ్లలో ఆయన చేత్తో నాకు తాంబూలం ఇవ్వడం అదే మొదలు.

"రేపు హమాలీలు ముగ్గురు వస్తారు" అన్నాడు. "మెడలు నువ్వు చూడు."