వయ్యారిభామ పక్కన పెసరమొక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక తల్లి కుందేలు. తొలకరికి బొరియ ముందు పెసలు చల్లింది. పిల్లల తిండికి ఆ పంటే దిక్కు.

మొలకలతో పాటు ఓ మూల వయ్యారిభామ అనే కలుపుమొక్క కూడా మొలిచింది.

“అక్కా, నన్ను పీకకు. నీ పిల్లలు నక్క కంట పడకుండా అడ్డుంటాను,” అంది.

“ఉండవే చెల్లీ. నీకెంత చోటు కావాలి గనక,” అంది కుందేలు.

చేను పచ్చగా లేచింది. వయ్యారిభామ పక్కనున్న బుల్లి పెసరమొక్క మాత్రం పసుపుబారింది. తల్లి నోటితో నీళ్ళు తెచ్చి పోసింది. పచ్చబడలేదు. పెంట తెచ్చి వేసింది. ఎదగలేదు. మూడోసారి విసిగిపోయింది.

“అందరితో పాటే పెట్టాను కదే. నీకొక్కదానికే ఏం రోగం?”

“దానికి తిన్నది వంటబట్టదులే,” అని అవతలి మొక్కలు నవ్వాయి.

బుల్లి మొక్క తల వంచుకుంది.

మట్టిలోంచి వానపాము పైకొచ్చింది.

“దాన్నెందుకమ్మా అంటావు? పైకి తెలియదు గానీ, కింద వయ్యారిభామ వేళ్ళు విషం ఊరుస్తున్నాయి. దాని ఆకు రాలి కుళ్ళినా విషమే. నేనే ఆ పక్కకి పోను.”

కుందేలు ఒక్క గెంతులో ఆ మూలకి చేరింది.

“నిజమేనా?” అని వయ్యారిభామను అడిగింది.

“నేనెవర్నీ కొట్టలేదక్కా. తిట్టలేదు. నా వేరు తీరే అంత. నన్ను పీకితే మరి నక్క సంగతి చూసుకో.”

అది పూత మీదుంది. గింజ రాలిందంటే చేనంతా అదే.

కుందేలు బొరియ వైపు చూసింది. బుల్లి మొక్క వైపు చూసింది. గోళ్ళతో తవ్వి, వయ్యారిభామను వేళ్ళతో సహా పీకింది. ఒక్క ఆకు కూడా వదలకుండా రాళ్ళగుట్ట మీదికి ఈడ్చింది. బొరియకు ముళ్ళకంప అడ్డం పెట్టి, తనే కాపలా కూర్చుంది.

“ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదేం తల్లీ?” అని మొక్కనడిగింది.

“నువ్వు దాన్ని చెల్లీ అన్నావుగా అమ్మా. నీ చుట్టమనుకున్నాను.”

 కుందేలు దాని మొదట్లో మట్టి మెల్లగా సర్దింది.

రెండు పెద్ద వానలు పడ్డాయి. విషం కొట్టుకుపోయింది. బుల్లి మొక్క ఆలస్యంగా చిగురేసింది. రెండే కాయలు కాసింది.

చేనంతా పిల్లల తిండికి కోసింది తల్లి. ఆ రెండు కాయలు మాత్రం విత్తనానికి దాచింది.

నీతి: వాడిపోతున్న మొక్కను తిట్టే ముందు, దాని పక్కన ఏం పెరుగుతోందో చూడాలి.