తోడుకోని పాలు

దస్తగిరికి ఆరేళ్లుగా పెద్దపేగులో మంట. తండ్రి ఇదే జబ్బు ముదిరి పేగు క్యాన్సర్‌తో పోయాడు. తనకూ ఆ గతే పడుతుందని అతని గుబులు. దర్గాలో అన్నదానానికి పెరుగు తోడుపెట్టడం అతని సేవ. చేతులు పాల మీద ఉన్నా ధ్యాసంతా కడుపు మీదే.

కడప డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, క్యాన్సర్ రాలేదని చెప్పింది. పేగులో కోట్ల బాక్టీరియా కాపురముంటాయట. వాటికీ రోగాలను అడ్డుకునే మన కాపలా కణాలకీ పొత్తు కుదిరితే కడుపు చల్లగా ఉంటుందట. పొత్తు చెడి కాపలావాళ్లు ఏళ్ల తరబడి రెచ్చిపోతే ఆ మంటే క్యాన్సర్‌కు దారి తీయొచ్చట. మంట తగ్గే మందులు రాసిచ్చింది.

మనవాడి చెవికెక్కింది బాక్టీరియా అన్న మాటొక్కటే.

ఒకరోజు పొద్దున్నే అతను గుళిక మింగుతుంటే దర్గా పెద్ద నూరుల్లా బాబా చూశాడు.

"ఏందప్పా అది?"

"క్రిములు చచ్చే మందు బాబా. నేనే అంగట్లో అడిగి తెచ్చుకున్నా. ఒక్కటీ మిగలకూడదు."

"నెమ్మదించిందా?"

"యాడ బాబా! వారంగా ఇంకా ఎక్కువైంది."

బాబా గోరువెచ్చని పాలు రెండు ముంతల్లో పోయించి, రెండింటిలోనూ తోడు వేయించాడు. ఒకదాంట్లో మాత్రం రెండు గుళికలు విప్పి ఆ పొడి కలిపాడు. రెంటినీ ఎండ తగిలే గోడ పక్కన పెట్టించాడు.

అసలే వేసవి. సాయంత్రం అసర్ నమాజు వేళకు మొదటి ముంతలో పెరుగు గట్టిగా పేరుకుంది. రెండోది వంచితే పాలు పాలుగానే జారాయి.

పాలను పెరుగు చేసే క్రిములను కూడా ఆ మందు చంపేసిందని దస్తగిరికి అర్థమైంది. ఇన్నేళ్లు పెరుగు తోడుపెట్టినవాడికి ఇంతకంటే చెప్పేదేముంది? సిగ్గేసింది. మిగిలిన గుళికలు తెచ్చి బాబా చేతిలో పెట్టాడు.

"రేపు డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు. ఆమె రాసిచ్చినవి మానొద్దు."

"అట్లే బాబా."

బాబా పేరుకున్న పెరుగు అన్నంలో కలిపి అతని ముందు పెట్టాడు. దస్తగిరి ముద్ద ఎత్తబోతుంటే ఆపాడు.

"పుట్టినప్పటి నుంచి నీ ముద్దలో ముద్ద తింటా, నీకు చాకిరీ చేస్తాండారే, వాళ్లకు ఒక్కనాడన్నా సలాం చెప్పినావా నాయనా?"

దస్తగిరి ముద్ద దించాడు. ఆరేళ్లుగా తిట్టుకుంటున్న కడుపు మీద చెయ్యి వేసుకుని, తల వంచాడు.