రెండో మెసేజ్

తిరుమల్ విరిగిన విమానాన్ని సంచిలో వేసుకొని రహమతుల్లా ఉస్తాద్ ఇంటికి వచ్చాడు. రేడియోలు బాగుచేస్తూ తల నెరిసిన ఉస్తాద్, రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానాలు నడపడం అతనికి రెండేళ్లుగా నేర్పుతున్నాడు.

"రిమోట్‌ల లేటుంది ఉస్తాద్. నేను దాని మీది పుల్ల కదిలించినంక జరసేపటికి గాని విమానం తిరుగుతలేదు. అందుకే కూలింది. కొత్త రిమోట్ కొనాలె."

ఉస్తాద్ సంచిలోంచి రెక్క ముక్క తీసి వేలితో తడిమాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

"ఇది సదానందం చేసింది కదా? విరిగిందని చెప్పినవా?"

తిరుమల్ తల దించుకొని అంతా చెప్పాడు.

సదానందం అతని చిన్ననాటి స్నేహితుడు. బొగ్గు గనిలో పని. డ్యూటీ దిగొచ్చి రోజూ కాసేపు కూర్చొని, నాలుగు నెలల్లో ఆ రెక్క చేశాడు. విమానం కూలిన మర్నాడు పొద్దున్నే తిరుమల్ "రెక్క విరిగింది, తప్పు నాదేరా, మాఫ్ చెయ్" అని మెసేజ్ పెట్టాడు. పదింటిదాకా జవాబు లేదు. ఫోన్లు పైనే పెట్టి గనిలోకి దిగుతారని అతనికి తెలియనిది కాదు. తెలిసినా మనసు ఊరుకోలేదు. రోషం పొడుచుకొచ్చి, "నీ రెక్కనే వంకర ఉంది, నా తప్పేం లేదు" అని ఇంకోటి పెట్టాడు. ఆ తొందర మనందరికీ ఉండేదే, అతనికి ఒక పాలు ఎక్కువ.

షిఫ్టు దిగాక సదానందం రాసింది ఒక్కటే మాట. "పైకొచ్చేసరికి రెండూ కలిసే ఉన్నయి."

పది రోజులైంది. మళ్లీ ఫోనెత్తలేదు.

ఉస్తాద్ లేచాడు. తన పాత విమానం తీసుకొని ఊరి బయటి మైదానానికి నడిచాడు. తిరుమల్ తెచ్చిన రిమోట్‌నే దానికి కలిపి, పైకి లేపి, రిమోట్‌ను అతని చేతికిచ్చాడు.

గాలికి విమానం ఎడమకు ఒరిగింది. తిరుమల్ పుల్లను కుడికి నెట్టాడు. వినలేదనిపించి ఇంకా గట్టిగా నెట్టాడు. విమానం ఒక్కసారిగా కుడికి పడింది. కంగారుగా ఎడమకు లాగాడు. ఊగిసలాట పెరిగింది. నేల దగ్గరవుతోంది.

"ఉస్తాద్, మీరు పట్టుకోండి!"

ఉస్తాద్ రిమోట్ తీసుకోలేదు. తిరుమల్ బొటనవేలిని పట్టుకొని పుల్ల మీంచి ఎత్తేశాడు, అంతే. విమానం రెండుసార్లు ఊగి, తనంతట తానే నిలదొక్కుకుంది.

"లేటున్నది నిజమే," అన్నాడు ఉస్తాద్. "అయినా నువ్వు మొదట చెప్పింది దానికి అందింది. నువ్వే ఆగలే."

రిమోట్ అందుకొని విమానాన్ని మెల్లగా దింపాడు.

తిరుమల్ గడ్డిలో కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రెండోది పంపకపోయి ఉంటే సదానందం ఆ సాయంత్రమే నవ్వుతూ ఇంటికొచ్చేవాడు. ఫోన్ తీసి గబగబా రాయడం మొదలుపెట్టాడు. పది రోజుల్లో పంపిన మాఫీలు పైన వరసగా కనబడ్డాయి. వేలు ఆగిపోయింది.

"ఎంతసేపు ఆగాలె ఉస్తాద్?"

ఉస్తాద్ విమానానికి అంటిన మట్టి తుడిచాడు.

"దీనికైతే రెప్పపాటు. మనిషికి ఎంతనో నాకు తెల్వది. మా తమ్ముని జవాబు కోసం నేను పదకొండేండ్ల సంది ఆగుతున్న."