కొలువంతా ముక్కు పట్టుకున్న వేళ

ఏ పటంలోనూ దొరకని ఒకానొక రాజ్యంలో రణకేసరి అనే రాజుగారు ఉండేవారు. ఆయన కూర్చోమంటే జనం కూర్చునేవారు, లేవమంటే లేచేవారు. ఇదంతా తన ముఖంలోని తేజస్సు మహిమేనని ఆయన గట్టి నమ్మకం. అద్దంలో ఆ తేజస్సును ఒకసారి పలకరించి గానీ కొలువుకు వచ్చేవారు కాదు.

ఒకనాడు ఏటికి స్నానానికి వెళ్ళిన రాజుగారికి ఓ సరదా పుట్టింది. కిరీటాన్నీ నగల్నీ పరివారాన్నీ ఒడ్డునే వదిలేసి, తడి పంచెతో ఒక్కరే కోట గుమ్మానికి నడిచి వచ్చారు. పోలయ్య అనే కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎక్కడికి?"

"నా ముఖం చూస్తే తెలియడం లేదూ?"

"తెలుస్తోంది. జలుబు చేసేట్టుంది. పోయి తల తుడుచుకో."

సాయంత్రానికల్లా పోలయ్య సంకెళ్ళతో కొలువులో నిలబడ్డాడు.

"రాజతేజస్సును గుర్తించలేని వీడు మనకెందుకు? రేపు కొలువు ముగియగానే భార్యాబిడ్డలతో సహా పొలిమేర దాటించండి!" అన్నారు రాజుగారు.

అందరూ "చిత్తం" అన్నారు. రాజుగారికి తాంబూలం అందించే కొమ్మసాని మాత్రం అనలేదు. ఆ అమ్మాయికి ఏ సంగతైనా కుదిపి చూస్తే గానీ తోచదు.

"ప్రభూ, జనం మీ మాట వినేది మీ ముఖం చూసి కాదేమో!"

"మరి దేన్ని చూసి?"

"నాకూ అదే తెలుసుకోవాలని ఉంది. రేపు కొలువులోనే చూద్దాం. నా మాట నిజమైతే పోలయ్యను వదిలేయాలి."

"కాకపోతే వాడి మూట వెనకే నీ మూట కూడా పొలిమేర దాటుతుంది!"

"అలాగే ప్రభూ."

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. సభ ద్వారం దగ్గర వెండి బెత్తం పట్టుకున్న మనిషి నేలకేసి కొట్టి ఏం చెబితే అదే రాజాజ్ఞ. ఎదురు ప్రశ్న ఉండదు. మర్నాడు ఉదయం ఆ బెత్తం పట్టే ముసలాయన్ని బతిమాలి, కొమ్మసాని తానే అక్కడ నిలబడింది.

ముందుగా మంత్రిగారు వచ్చారు. బెత్తం టక్కుమంది.

"ఎడమచేత్తో ముక్కు పట్టుకుని లోపలికి దయచేయండి!"

మంత్రిగారు బెత్తం వంక చూశారు. ముక్కు పట్టుకున్నారు. వెనకే వచ్చిన సేనాపతీ, ఆస్థాన పండితుడూ, కోశాధికారీ వరసగా పట్టుకున్నారు. ఆ తరవాత వచ్చినవాళ్ళకు చెప్పాల్సిన అవసరమే రాలేదు.

చివర్లో అంతఃపురం వైపు తలుపు తెరుచుకుంది. రాజుగారు వచ్చారు.

"బహారాజుకు జయబు!" అంది కొలువు.

రాజుగారు అటు చూశారు, ఇటు చూశారు. అడిగితే తనకు తెలియదని తేలిపోతుంది. ఆయన ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది.

"బొదలుపెట్టండి," అన్నారు గంభీరంగా.

కొమ్మసాని మళ్ళీ బెత్తం కొట్టింది. "ఇక వదలండి!"

అందరి ముక్కులకూ విడుదల దొరికింది.

"మంత్రిగారూ, ఎందుకు పట్టుకున్నారు?"

"నీ చేతిలో బెత్తం ఉంది కదమ్మా!"

"నేను మంత్రిగారిని చూసి పట్టుకున్నాను," అన్నాడు సేనాపతి. "యుద్ధానికైనా ఒక్కణ్ణే వెళతాను గానీ, ఇంతమందిలో ఒక్కణ్ణే వేరుగా నిలబడలేను."

"ఓ క్షణమే కదా అనుకున్నాను," గొణిగాడు పండితుడు. "పట్టుకున్నాక వదలాలంటే సిగ్గేసింది. ఏ శాస్త్రంలో ఉందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను."

కోశాధికారి తేలిగ్గా నవ్వేశాడు. "తప్పయితే ఆజ్ఞ ఇచ్చినవాళ్ళది. ముక్కు మాత్రమే నాది."

కొమ్మసాని సింహాసనం వైపు తిరిగింది. "మీకు నేను ఏ ఆజ్ఞా చెప్పలేదు. మరి మీరు ఎవరి తేజస్సు చూసి పట్టుకున్నారు ప్రభూ?"

రాజుగారి ముఖం ఎర్రబడింది. ఆయన చూపు సంకెళ్ళతో స్తంభం పక్కనున్న పోలయ్య మీద పడింది.

"వాడు పట్టుకున్నాడా?"

"లేదు ప్రభూ. భటులు తీసుకొచ్చినప్పుడు వాడికీ చెప్పాను. 'ఎందుకమ్మా?' అని అడిగాడు. చెప్పడానికి నా దగ్గర కారణం లేకపోయింది. నిన్న గుమ్మం దగ్గరా వాడు చేసింది అదే. రేపు శత్రువెవడో మీ కిరీటం పెట్టుకుని, ముందు ఇలాంటి బెత్తం కొట్టించుకుంటూ వస్తే, ఈ కొలువంతా ముక్కులు పట్టుకుని వాణ్ణి సింహాసనం దాకా తీసుకొస్తుంది. ఆపగలిగినవాణ్ణేమో మీరు పొలిమేర దాటిస్తున్నారు!"

రాజుగారు తన ఎడమచేతి వంక చూసుకున్నారు. తరవాత పెదవి వణికింది, పొట్ట కదిలింది, పకపకా నవ్వేశారు.

పోలయ్య సంకెళ్ళు తీయించి కోట కాపలాకే పెద్దను చేశారు. మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మసానికి ఇచ్చారు. ఆ ఊపులోనే లేచి నిలబడ్డారు.

"ఇవాళ్టి నుంచి నా ఆజ్ఞకు ఎవరైనా కారణం అడగవచ్చు. ఇది రాజాజ్ఞ!"

"చిత్తం!" అంది కొలువంతా ఒక్క గొంతుతో.

పోలయ్య మాత్రం తల గోక్కున్నాడు. "ఇది మీకే తోచిందా దొరా, అమ్మాయిగారి చేతిలో బెత్తం చూసి అన్నారా?"

రాజుగారికి మళ్ళీ నవ్వు పొంగుకొచ్చింది. ఆ నవ్వుకు కిరీటం జారి సభ మధ్యలోకి దొర్లిపోయింది. తీయమని ఎవరూ చెప్పలేదు గనుక ఎవరూ కదల్లేదు. రాజుగారే దిగి వచ్చి, వంగి, తీసుకున్నారు.