కోడికి తెలియకుండా కొట్టు జరిపిన కథ

కాస్త జరుగు అమ్మడూ. దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆ, అలా. ఇప్పుడు కళ్ళు మూసుకో. చెవులు మాత్రం తెరిచి ఉంచు.

అనగనగా ఏటి నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. లంకంటే ఏమిటంటావా? చుట్టూ నీళ్ళు, మధ్యలో మన్ను, ఆ మన్ను మీద కొబ్బరి చెట్లూ మనుషులూ. ఆ ఊళ్ళో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు వీరాస్వామి. మనిషి మంచివాడే కానీ గొంతు ఉంది చూశావూ, అది గొంతు కాదు, మైకు. ఆయన ఇంట్లో కూర్చుని "అన్నం పెట్టవే" అంటే ఏటి అవతల ఒడ్డున వాళ్ళు విస్తళ్ళు వేసుకునేవాళ్ళు.

వాళ్ళ పెరటి చివర, సరిగ్గా ఏటి గట్టు మీద, ఒక చెక్క కొట్టు ఉండేది. కొట్టంటే బిళ్ళలూ బిస్కెట్లూ అమ్మే కొట్టు కాదు, ఆశపడకు. పారా పలుగూ, తట్టా బుట్టా పెట్టుకునే చిన్న గది. నాలుగు పక్కలా చెక్కలు, పైన తాటాకు కప్పు, కింద వట్టి నేల. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి వాటి మీద నిలబెట్టారు. తలుపు మాత్రం ఇంటి వైపు ఉండేది.

ఆ కొట్టులో ఒక మూల గంప. గంపలో గడ్డి. గడ్డి మీద గుడ్లు. గుడ్ల మీద కోడి. ఆ గడ్డిలో ఒక ఇనపముక్కా, ఒక బొగ్గుముక్కా కూడా పెట్టింది మాణిక్యమ్మ. ఎందుకంటావా? ఉరుము ఉరిమినా, పెద్ద చప్పుడైనా గుడ్డులో పిల్ల అదిరిపోతుందనీ, గుడ్డు మురిగిపోతుందనీ మనవాళ్ళ నమ్మకం. పక్కన ఇనుముంటే ఆ అదురు ఇనుము పట్టుకుంటుందట. నిజమో కాదో నాకు తెలీదు. మా అమ్మ పెట్టేది, నేనూ పెట్టేదాన్ని.

ఆ కోడి మామూలు కోడి అనుకోకు. ఆ యేడు ఎండల్లో తెగులొచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ పోయాయి. ఒక్క పుంజూ, ఈ ఒక్క పెట్టా మిగిలాయి. తెల్లారితే కొక్కొరొకో అని ఊరంతా మోగిపోయే చోట ఒక్క గొంతే కూసి ఊరుకునేది. జనానికి ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. అప్పుడు మాణిక్యమ్మ ప్రతి గుమ్మానికీ వెళ్ళి, "గుడ్లు పగిలి పిల్లలు లేవగానే మీ ఇంటికొకటి ఇస్తాను" అని మాటిచ్చేసింది. ఇక చూడు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ అందరి ధ్యాసా ఆ గంప మీదే.

అప్పుడు ఏరు ఏం చేసింది? గట్టు తినడం మొదలుపెట్టింది. నిన్న బంతి మొక్క ఉన్న చోట ఇవాళ నీళ్ళు. ఇవాళ బట్టలుతికే బండ ఉన్న చోట రేపు నీళ్ళు. చివరికి కొట్టుకీ ఏటికీ మధ్య ఒక నులక మంచం పట్టేంత నేల మిగిలింది.

గంప ఎత్తి ఇంట్లో పెట్టుకోవచ్చుగా అంటావా? బాగా అడిగావు. అంతకు ముందోసారి మాణిక్యమ్మ అదే పని చేసింది. గంప తెచ్చి వసారాలో పెట్టింది. ఆ కోడి లేచి, వెనక్కి పరిగెత్తి, కొట్టులో తన పాత మూలకే పోయి వట్టి నేల మీద కూర్చుంది! మళ్ళీ తెస్తే మళ్ళీ పోయింది. అది అక్కడ నేలని పొదుగుతోంది, ఇక్కడ గుడ్లు చల్లబడుతున్నాయి. ఒక్క పిల్లా లేవలేదు. మాణిక్యమ్మ ఆ గుడ్లన్నీ గొయ్యి తీసి పాతిపెట్టి, ఆ పూట అన్నం ముట్టుకోలేదు.

దానికి ఆ గోడలే కావాలి. ఆ చీకటే కావాలి. ఆ తాటాకు వాసనే కావాలి. పెట్టకోడి పట్టుదల అలా ఉంటుంది మరి. నీకు ఆ చిరుగుల బొంత ఉంటేనే నిద్రపట్టదూ, అలాగే.

"కోడి కొట్టు విడిచి రాదు. అయితే కొట్టునే తెచ్చేద్దాం" అంది మాణిక్యమ్మ.

"అదెంత పనే!" అన్నాడు వీరాస్వామి. సుత్తి తెచ్చాడు. చెక్కలు ఊడదీసి, ఇంటి పక్కన మళ్ళీ బిగించేస్తానన్నాడు. ఒక్క దెబ్బ వేశాడో లేదో, కొట్టంతా దద్దరిల్లింది. కోడి గంపలో లేచి నిలబడింది. మాణిక్యమ్మ పరుగున వచ్చి చేతిలో సుత్తి లాక్కుంది.

"కొట్టుని కొట్టకయ్యా!"

"కొట్టకుండా కొట్టు ఎలా విప్పనే?"

"విప్పద్దు. కొట్టద్దు. అరవద్దు కూడా. నువ్వు మాట్లాడుతుంటేనే గుడ్లు అదురుతున్నాయి."

వీరాస్వామి మూతి ముడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి కోడి దానంతట అదే కూర్చుంది. అలా మొదటి ఉపాయం పోయింది.

ఆ తర్వాత వీధిలోవాళ్ళంతా వచ్చారు. తాటి దుంగలు తెచ్చి కొట్టు ముందు పరిచారు. కొట్టుని దుంగల మీదకి ఎక్కించి దొర్లించుకుపోవాలని వాళ్ళ ఆలోచన. నాలుగు పక్కలా చేరి పట్టుకున్నారు. అలవాటు ఊరుకుంటుందా? "ఐలేసా" అని నోరు తెరిచారు. మాణిక్యమ్మ గుమ్మంలో నిలబడి వేలు పెదాల మీద పెట్టింది. అందరూ తెరిచిన నోళ్ళు టక్కున మూసేశారు.

ఐలేసా లేకుండా మనవాళ్ళు బరువు ఎత్తడం ఎప్పుడైనా చూశావా? నేనూ చూడలేదు. పాట లేకపోతే ఎవరు ఎప్పుడు లాగాలో ఎవరికీ తెలీదు. అందుకని గుసగుసలు మొదలుపెట్టారు.

"ఇటు" అన్నాడు ఈ పక్కవాడు.

"ఇటు, ఇటు" అన్నాడు ఆ పక్కవాడు.

"ఒరేయ్, ఇటంటే ఎటురా?"

"ఇటే! నా వైపు!"

"నాకది అటు!"

ఎవరి ఇటు వాళ్ళది. ఎవరి వైపు వాళ్ళు లాగారు. కొట్టు కిర్రుమంది కానీ అరంగుళం జరిగితే ఒట్టు. తూర్పుకి అని చెప్పుకోవచ్చుగా అంటావా? చెప్పుకున్నారు తల్లీ. గుసగుసగా చెబితే గోడకి అవతలున్నవాడికి వినపడలేదు. గట్టిగా చెబితే కోడి మెడ చాచి చూసింది. ఇంతలో ఒక దుంగ జారి, దొర్లుకుంటూ పోయి ఏట్లో పడింది. దాంతోపాటు గట్టు ఇంకో పెచ్చు ఊడింది. ఇప్పుడు మిగిలింది మంచం పట్టేంత కాదు, పీట వేసేంత. అలా రెండో ఉపాయమూ పోయింది.

అప్పుడు మాణిక్యమ్మకి ఏడుపొచ్చింది. ఇంటింటికీ మాటిచ్చింది కదా. మాట పోతే పోయింది, ఆ గుడ్ల లోపల కళ్ళు కూడా తెరవని పిల్లలున్నాయి కదా. చెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది పాపం.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? జల్లు పడింది. పెద్ద వాన కాదు, తల తడిసేంత జల్లు. బయట ఉన్నవాళ్ళంతా తోసుకుంటూ కొట్టులోకి దూరారు. గోడలకి ఆనుకుని, కోడికి కాస్త చోటు వదిలి, ఇరుక్కుని నిలబడ్డారు. వాళ్ళలో సూర్రావని తాడిచెట్టంత మనిషి ఉన్నాడు. పాపం, తల దూలానికి తగులుతుందని మెడ వంచుకుని ఉన్నాడు. ఎంతసేపని వంచుతాడు? నడుం నొప్పెట్టి నిటారుగా లేచాడు. దూలం అతని భుజం మీదకి ఎక్కింది. ఆ మూల కొట్టు రాయి మీద నుంచి లేచి, కిందనుంచి సన్నటి వెలుగు లోపలికొచ్చింది.

అందరూ ఆ వెలుగు వంక చూశారు. ఆ తర్వాత సూర్రావు వంక చూశారు.

"ఏవిటది?" అన్నాడొకడు.

"ఏమో, లేచాను, లేచింది" అన్నాడు సూర్రావు.

"ఏదీ, ఇంకోసారి లే!"

సూర్రావు ఇంకోసారి లేచాడు. కొట్టు ఇంకోసారి లేచింది. చిన్నపిల్లల్లా అందరూ వంగి వంగి ఆ సందులోంచి బయట గడ్డి చూశారు. మాణిక్యమ్మ ఏడుపు ఆపేసింది. ఆవిడకి ఏదో తట్టింది. ముందు అందరినీ గుమ్మం వైపు తిరగమంది. తిరిగారు.

"ఇప్పుడు చెప్పండి, ఇటంటే ఎటు?" అని మెల్లగా అడిగింది.

అందరి వేళ్ళూ గుమ్మం వైపే చూపించాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా అటు పోలేదు.

చూశావా అమ్మడూ! బయట నిలబడ్డంతసేపూ ఎవరి ఇటు వాళ్ళది. లోపలికొచ్చి ఒకే వైపు తిరిగేసరికి అందరిదీ ఒకే ఇటు. నాకు ఈ కథలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే.

జల్లు ఆగింది. గుమ్మం ముందున్న దుంగలు పక్కకి తీసేశారు. అప్పుడు ఒకళ్ళు దూలం కింద భుజం పెట్టారు, ఒకళ్ళు అడ్డపట్టీ పట్టుకున్నారు. ఏటి వైపు మూల, అన్నిటికంటే ప్రమాదం అక్కడే కదా, ఆ మూల వీరాస్వామి పట్టుకున్నాడు. మాణిక్యమ్మ గంపని కోడితో సహా ఎత్తి చంకన పెట్టుకుంది. నలుగురి మధ్యలో నిలబడింది. కోడికి అవే గోడలు, అదే చీకటి, అదే తాటాకు వాసన.

కొట్టు లేచింది. పెరట్లో కట్టేసిన దూడ ఒక్కటే బయట్నుంచి చూసింది. దానికేం కనపడిందంటావ్? కొట్టుకి కాళ్ళు మొలిచాయి! నల్ల కాళ్ళు, ఎర్ర కాళ్ళు, మట్టి కాళ్ళు, మధ్యలో పట్టీలు పెట్టుకున్న మాణిక్యమ్మ కాళ్ళు. దూడ గడ్డి నమలడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది. నవ్వకు, నిద్ర పోతుంది.

అయితే అడుగులు కలవలేదు. ఒకడు కుడి కాలు వేస్తే ఇంకొకడు ఎడమ కాలు. కొట్టు పడవలా ఊగింది. కోడికి కంగారొచ్చింది. క్రూ, క్రూ అని గంపలో లేచి నిలబడింది. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు, అంత బరువూ భుజాల మీదే ఉంచుకుని.

సరిగ్గా అప్పుడు వీరాస్వామి మడమ కింద మన్ను జారింది. ఒక పెళ్ళ పోయింది. ఇంకో పెళ్ళ పోయింది. వెనకాల ఏరు. అరిస్తే కోడి గంప దూకేస్తుంది. అరవకపోతే తను పోతాడు. అంత గొంతున్న మనిషి, పుట్టిన దగ్గర్నుంచీ మెల్లగా మాట్లాడటం ఎరగని మనిషి, పళ్ళు బిగించి, ఊపిరంత సన్నగా అన్నాడు:

"కూర్చోవే... నా తల్లి కదూ... కూర్చోవే."

మాణిక్యమ్మ ఆ గొంతు విని తిరిగి చూసింది. ఆయన కాళ్ళు చూసింది. చూసి కూడా అరవలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, గంపని పసిపిల్లని ఊపినట్టు ఊపుతూ జోల మొదలుపెట్టింది.

"హాయి హాయి కోడీ, గంప నిండా వేడి,
లాయి లాయి గుడ్డూ, ఎప్పుడొస్తావ్ బిడ్డూ."

జోలపాట ఎరగనివాళ్ళు ఎవరుంటారు? అందులో ఊగి నిద్రపోయినవాళ్ళే కదా అందరూ. హాయి అంటే కుడి అడుగు పడింది. లాయి అంటే ఎడమ అడుగు పడింది. ఎవరూ చెప్పలేదు, కాళ్ళే కలిసిపోయాయి. కొట్టు ముందుకి కదిలింది. దాంతోపాటు వీరాస్వామి కాలు కూడా గట్టినేల మీదకి వచ్చింది. కోడి ముక్కుతో గుడ్లు ఒకసారి అటూ ఇటూ తిప్పుకుంది. ఆ తర్వాత రెక్కలు విప్పి, గుడ్లన్నిటినీ లోపలికి లాక్కుని మెత్తగా కూర్చుంది.

హాయి హాయి అంటూ బంతి మొక్కలు దాటారు. లాయి లాయి అంటూ కరివేపాకు చెట్టు దాటారు. ఇంటి పక్కన ముందే కొత్త రాళ్ళు పేర్చి ఉంచిన చోటికి వచ్చి, దీపం కింద పెట్టినంత జాగ్రత్తగా కొట్టుని దింపారు. మాణిక్యమ్మ గంపని అదే మూల పెట్టింది. ఒక్కొక్కళ్ళే పిల్లుల్లా బయటికొచ్చారు. మాణిక్యమ్మ మొగుడి దగ్గరికి వెళ్ళి, చెంగుతో ఆయన కాళ్ళ మట్టి తుడిచింది.

మర్నాడు పొద్దున్న చూస్తే, కొట్టు ఉన్న పాత చోటు లేదు. అక్కడ ఏరు పారుతోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కొట్టులోంచి కిచకిచలు వినపడ్డాయి. వీధి వీధంతా గుమ్మం ముందు చేరింది. వీరాస్వామి అందరికీ "ష్" అని చెబుతున్నాడు, ఆయనే! కోడి గంప దిగి, పసుప్పచ్చటి పిల్లల్ని వెంటేసుకుని ఠీవిగా బయటికొచ్చింది. గుమ్మంలో ఆగి ఇటు చూసింది, అటు చూసింది. తన ఇల్లు తన చుట్టూనే ఉంది. తను ఎక్కడికీ పోలేదు. మరి ఏరేదీ? అల్లంత దూరాన, పెరటి చివర ఉంది.

అప్పుడు కోడి ఏమనుకుందో తెలుసా? తనని చూసి, ఏరే భయపడి వెనక్కి పోయిందనుకుంది! మెడ ఎత్తి, రెక్కలు టపటపలాడించి, ఏటి వంక ఓ చూపు చూసి, పిల్లలకి మేత చూపించడానికి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరూ దానికి అసలు సంగతి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

కొట్టు గట్టు విడిచి పెరటికి,
కోడి పిల్లలతో ముంగిటికి,
నిద్దర మెల్లగా నీ కంటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.